విండోస్ 11 వేశాక వైఫై పదే పదే తెగిపోతుంటే: ఫార్మాట్ చేయించే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. లాప్‌టాప్ కొని ఐదేళ్ళయింది, విండోస్ 10 ఉన్నన్నాళ్ళూ వైఫైతో ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన నెల విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేశారు. అప్పటి నుంచి ఇరవై నిమిషాలకో అరగంటకో వైఫై తెగిపోయి, పది సెకన్లలో దానంతట అదే వస్తోంది. మూత వేసి మళ్ళీ తెరిస్తే ఒక్కోసారి వైఫై గుర్తే మాయమవుతోంది. అదే గదిలో ఫోన్లు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. షాపు వాళ్ళు ఫార్మాట్ చేయాలన్నారు, నెట్ కనెక్షన్ అబ్బాయి రూటర్ మార్చమన్నాడు. మీకు ఇంటి నుంచే ఉద్యోగం, రోజూ మీటింగులు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఫార్మాట్ వద్దు, కొత్త రూటర్ కూడా ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలు లాప్‌టాప్ లోపలి వైఫై కార్డు డ్రైవర్ (విండోస్ ఆ కార్డును నడిపించడానికి వాడే చిన్న సాఫ్ట్‌వేర్) మీదికే అనుమానం తెస్తున్నాయి. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు విండోస్ మీ పాత డ్రైవర్‌ను పక్కన పెట్టి తన దగ్గరున్న ఇంకో వెర్షన్ వేసి ఉంటుంది. దాంతోపాటు, కరెంటు ఆదా కోసం కార్డును నిద్రపుచ్చే సెట్టింగు కూడా మళ్ళీ ఆన్ అయి ఉంటుంది. మీ లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్ళి అక్కడున్న వైఫై డ్రైవర్ వేయండి, ఆ సెట్టింగు తీసేయండి. మీలాంటి కేసుల్లో ఎక్కువ భాగం నా దగ్గర అక్కడితోనే తీరిపోయాయి.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పద్నాలుగేళ్ళుగా లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, ఆ తేదీకి కాస్త ముందు నుంచే ఈ వైఫై ఫిర్యాదు మా బల్ల మీదికి ఎక్కువగా రావడం మొదలైంది. కాబట్టి మీ ఒక్కరికే వచ్చిన సమస్య అనుకుని టెన్షన్ పడకండి. అలాగని నేను చెప్పిన కారణమే మీ ఇంట్లోనూ ఉందని గుడ్డిగా నమ్మకండి. ఇవాళ రాత్రి కాసేపు కూర్చుంటే మీకే తెలిసిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: తెగుతున్నది వైఫైయా, ఇంటర్నెట్టా?

మా దగ్గరికి వచ్చేవాళ్ళు రెండింటినీ "వైఫై పోతోంది" అనే అంటారు. లాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య లింకు తెగడం ఒకటి. ఆ లింకు బాగానే ఉండి రూటర్ నుంచి బయటికి వెళ్ళే లైను పోవడం ఇంకొకటి. మొదటిదైతే లాప్‌టాప్‌ను చూడాలి, రెండోదైతే లాప్‌టాప్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఈ తేడా తెలియకుండానే ఫార్మాట్ చేయించుకుని, ఫొటోలు పోగొట్టుకుని, చివరికి అదే సమస్యతో వచ్చినవాళ్ళను చూశాను. అందుకే ఇది ముందు చెబుతున్నాను.

స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరిచి, ఇంగ్లిష్‌లో ఐపీకాన్ఫిగ్ (ఐ-పి-సి-ఓ-ఎన్-ఎఫ్-ఐ-జి) అని కొట్టి ఎంటర్ నొక్కండి. డీఫాల్ట్ గేట్‌వే అన్న చోట కనిపించే నంబరే మీ రూటర్ అడ్రసు. చాలా రూటర్లకు అది 192.168.1.1 ఉంటుంది, జియో ఫైబర్‌కైతే 192.168.29.1. ఇప్పుడు పింగ్ (పి-ఐ-ఎన్-జి, అవతలి నుంచి జవాబు వస్తోందా అని చూసేది) అని కొట్టి, ఒక స్పేస్, ఆ నంబరు, మళ్ళీ స్పేస్, మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని టి అక్షరం పెట్టి ఎంటర్ నొక్కండి. ఆగకుండా లైన్లు వస్తూనే ఉంటాయి. ఇంకో కిటికీ తెరిచి రూటర్ నంబరు బదులు 8.8.8.8 (బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్ అడ్రసు) పెట్టి అదే పని చేయండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి.

తెగినప్పుడు రెండు కిటికీల్లోనూ జవాబులు ఆగిపోతే లింకే పోయిందన్నమాట. రూటర్ కిటికీలో జవాబులు వస్తూ 8.8.8.8 నుంచి మాత్రమే ఆగిపోతే తప్పు బయటి లైనుది, కనెక్షన్ వాళ్ళకు ఫోన్ చేయండి.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. తెగడానికి ముందు రూటర్ కిటికీలో మిల్లీసెకన్ల అంకె ఎలా ఉందో చూడండి. రెండు, మూడు, రెండు అని నిలకడగా నడుస్తూ ఉన్నట్టుండి "జనరల్ ఫెయిల్యూర్" అని వచ్చేస్తే కార్డే పడిపోయింది, అంటే డ్రైవర్ లేదా కరెంటు సెట్టింగు. అదే అంకె ఇరవై, వంద, నాలుగొందలు అని పాకుతూ పోయి, మధ్యలో "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వస్తూ వస్తూ తెగితే అది సిగ్నల్ గొడవ. గాలిలో ఏదో అడ్డం పడుతోంది. ఇదేమీ శాసనం కాదు కానీ, నాకు ఎక్కడి నుంచి వెతకాలో చెప్పే మొదటి ఆనవాలు ఇదే.

విండోస్ రాసిపెట్టుకున్న రిపోర్ట్

ఇది విండోస్‌లోనే ఉంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి టెర్మినల్ అడ్మిన్ అన్నది తెరవండి. ఫోన్‌లో కస్టమర్లకు చెప్పినట్టే అక్షరాలు చెబుతాను, మీరు ఇంగ్లిష్‌లో కొట్టండి: ఎన్-ఇ-టి-ఎస్-హెచ్, స్పేస్, డబ్ల్యూ-ఎల్-ఎ-ఎన్, స్పేస్, షో, స్పేస్, ఆ తర్వాత డబ్ల్యూ-ఎల్-ఎ-ఎన్-రిపోర్ట్ అంతా కలిపి ఒకే మాటగా. ఎంటర్ నొక్కితే కాసేపటికి ఒక ఫైలు తయారుచేసి, అది ఎక్కడ పెట్టిందో చివర్లో చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

అందులో గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నది గ్రాఫ్‌తో సహా ఉంటుంది. కింద డిస్‌కనెక్ట్ రీజన్స్ అన్న భాగం చూడండి. అక్కడ డ్రైవర్ డిస్‌కనెక్ట్ చేసిందన్న అర్థంలో మాట పదే పదే ఉంటే ఇక వేరే అనుమానాలు అక్కర్లేదు. లో పవర్ అన్న అర్థంలో మాట కనిపిస్తే కరెంటు ఆదా సెట్టింగు. తెగిన సమయాలను కూడా ఒక కాగితం మీద రాసుకోండి. రోజూ ఒకే వేళకు తెగుతోందా, ఏదైనా కొత్త వస్తువు పెట్టినప్పుడే తెగుతోందా అన్నది తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు డ్రైవర్ సంగతి

స్టార్ట్ మీద కుడి క్లిక్, డివైజ్ మేనేజర్, అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్. మీ వైఫై కార్డు పేరు అక్కడ ఉంటుంది. ఇంటెల్ ఏఎక్స్201 అనో, రియల్‌టెక్ 8821సీఈ అనో, క్వాల్‌కామ్ లేదా మీడియాటెక్ పేరుతోనో ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కి డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ, వెర్షన్ నంబరు రాసుకోండి. ఫోన్‌తో ఫొటో తీసుకున్నా సరే. ఏదైనా మార్చే ముందు పాతది ఏమిటో రాసి పెట్టుకోకపోతే వెనక్కి రావడానికి దారి ఉండదు.

తర్వాత లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు, సీరియల్ నంబరు చూసి, ఆ కంపెనీ సపోర్ట్ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్ళండి. అక్కడ విండోస్ 11 కోసం వైర్‌లెస్ డ్రైవర్ ఉంటుంది. అదే వేయండి, తేదీ పాతగా ఉన్నా సరే. "కొత్త వెర్షన్ ఉండగా పాతది ఎందుకండీ" అని చాలామంది అడుగుతారు. కార్డు తయారుచేసిన వాళ్ళ డ్రైవర్ ఆ చిప్పు ఉన్న అన్ని లాప్‌టాప్‌లకూ కలిపి రాసినది. లాప్‌టాప్ కంపెనీ పెట్టింది ఆ మోడల్ మీద, దాని యాంటెనాతో, దాని బయోస్‌తో (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పరీక్షించినది. ముఖ్యంగా తక్కువ ధర లాప్‌టాప్‌లలో వచ్చే రియల్‌టెక్ కార్డుల విషయంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఇంటెల్ కార్డులైతే ఇంటెల్ సైట్‌లోని కొత్త డ్రైవర్ కూడా చాలాసార్లు బాగానే పనిచేస్తుంది. కంపెనీ డ్రైవర్‌తో తీరకపోతే రెండో ప్రయత్నంగా అది వేస్తాను.

ఒక ఉదాహరణ చెబుతాను. నల్లకుంట నుంచి ఒక అకౌంటెంట్ గారు వచ్చారు. జీఎస్టీ రిటర్నులు వేసే చివరి రోజుల్లో వైఫై తెగి ఆయన పని మధ్యలో ఆగిపోతోంది. అప్పటికే ఒకచోట ఫార్మాట్ చేశారు, అయినా తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది? ఫార్మాట్ అయ్యాక విండోస్ అప్‌డేట్ మళ్ళీ అదే డ్రైవర్ తెచ్చి పెట్టింది. కంపెనీ పేజీలో రెండేళ్ళ కిందటి డ్రైవర్ ఒకటి ఉంటే అది వేశాను, ఆ రోజుకు ఆగింది. నాలుగు రోజులకు ఫోన్ చేసి మళ్ళీ మొదలైందన్నారు. చూస్తే వెర్షన్ నంబరు మారిపోయి ఉంది, విండోస్ అప్‌డేట్ దాన్ని మళ్ళీ మార్చేసింది. మొదటిసారే ఆ దారి మూసి పంపి ఉండాల్సింది. ఆయనకు రెండుసార్లు తిరగాల్సి వచ్చిందని నాకు బాధేసింది. అప్పటి నుంచి పాత డ్రైవర్ వేసిన ప్రతి మిషన్‌లోనూ డివైజ్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్ అని వెతికి తెరిచి, ఆటోమేటిక్‌గా తెచ్చుకోవద్దని నో పెట్టి, అప్‌డేట్ పేజీలో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద వైఫై డ్రైవర్ ఉంటే దాన్ని ముట్టుకోవద్దని చెప్పి పంపుతున్నాను. మీరూ నాలుగైదు రోజులకు ఒకసారి డ్రైవర్ వెర్షన్ సరిచూసుకోండి.

కంపెనీ పేజీలో విండోస్ 11 డ్రైవర్ అసలు లేకపోతే? పాత మోడళ్ళకు అలా జరుగుతుంది. అప్పుడు డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ బటన్ చూడండి. అది నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులో ఉంటే, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మి పిక్ అన్న వరసలో వెళ్ళండి. మీ మిషన్‌లో ఆ కార్డుకు సరిపడే వెర్షన్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే అక్కడ జాబితాగా కనిపిస్తాయి. ఇప్పుడున్నది కాకుండా ఇంకొకటి ఎంచుకుని ఒక రోజు నడిపి చూడండి. చాలామంది టెక్నీషియన్లు కూడా ఈ జాబితా తెరవరు. డౌన్‌లోడ్ ఏమీ లేకుండానే ఇక్కడ పని అయిపోయిన కేసులు నాకు బోలెడు.

డ్రైవర్ దించుకోవడానికే నెట్ నిలవడం లేదంటే ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను తీగ ద్వారా లాప్‌టాప్‌కు ఇచ్చేది) ఆన్ చేయండి. దానికి లాప్‌టాప్ వైఫైతో పనిలేదు. మీ మీటింగులకు కూడా ఈ రెండు రోజులూ అదే వాడుకోండి, ప్రశాంతంగా ఉంటుంది.

కరెంటు ఆదా

అదే కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటుంది. అందులో మొదటి గడి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చేది. దాని టిక్ తీసేయండి. మీరు విండోస్ 10లో ఎప్పుడో తీసేసి ఉన్నా అప్‌గ్రేడ్‌లో కార్డు కొత్తగా నమోదైతే టిక్ తిరిగి వచ్చి ఉండొచ్చు. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ తర్వాత కూడా ఇలా జరగొచ్చు.

కొత్త రకం లాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ అసలు ఉండదు. మూత వేసినా లోపల కొంత మెలకువగా ఉండే పద్ధతిలో తయారైనవి అవి. దాన్ని ఎలాగైనా తెప్పించాలని వీడియోలు చూసి విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో మార్పులు చేయకండి. అలా చేసి నిద్ర నుంచి లేవని స్థితికి తెచ్చుకున్న మిషన్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. ట్యాబ్ లేకపోతే వదిలేయండి, డ్రైవర్ మీదే దృష్టి పెట్టండి.

మూత తెరిచాక వైఫై గుర్తే మాయమవుతోందన్నారు. ఇది మామూలు తెగడం కంటే ఒక మెట్టు ఎక్కువ, కార్డే విండోస్‌కు కనిపించడం మానేసింది. డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 10 అని కూడా ఉండొచ్చు. అలా అయినప్పుడు షట్ డౌన్ చేసి ఆన్ చేస్తే ఒక్కోసారి రాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, డ్రైవర్ ఉన్న స్థితిని దాచుకుని అదే స్థితిలో లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే మొదటి నుంచి మొదలవుతుంది. దానికీ రాకపోతే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్ డౌన్ చేయండి, ఛార్జర్ తీసేయండి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి, తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. లోపల మిగిలిన కరెంటు పోయి కార్డు మళ్ళీ మేలుకుంటుంది. ఇది ఆ పూటకు గడిచే ఉపాయమే, అసలు మందు డ్రైవర్, బయోస్ అప్‌డేట్ రెండూ. బయోస్ కూడా కంపెనీ పేజీ నుంచే వేయాలి. ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే. కరెంటు పోయే వేళల్లో ఆ పని పెట్టుకోవద్దు.

అప్‌గ్రేడ్ తర్వాతే మొదలైంది, కానీ తప్పు అప్‌గ్రేడ్‌ది కాదు

ఇలాంటివి నాకు ఎదురైనవి మూడు చెబుతాను. మీ రిపోర్ట్‌లో డ్రైవర్ మాట లేకపోతే ఇక్కడ వెతకండి.

ఒకాయన అప్‌గ్రేడ్‌కు ముందు జాగ్రత్తగా ఫైళ్ళన్నీ దాచుకుందామని కొత్తగా యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కొన్నారు. అప్‌గ్రేడ్ అయ్యాక కూడా దాన్ని లాప్‌టాప్‌కే తగిలించి ఉంచారు. అప్పటి నుంచి వైఫై నత్తనడక, మధ్యమధ్య తెగడం. మా షాపుకు లాప్‌టాప్ ఒక్కటే తెచ్చారు. రెండు రోజులు ఉంచుకుని చూస్తే ఒక్కసారి తెగలేదు. ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ అదే. చివరికి వీడియో కాల్‌లో బల్ల చూపించమంటే డిస్క్ కనిపించింది, తీసేయమన్నాను, ఆగిపోయింది. యూఎస్‌బీ 3 తీగలు, డిస్కులు పనిచేసేటప్పుడు వైఫై కూడా వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పరిధిలో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద వివరంగా పత్రం వేసింది. లాప్‌టాప్‌కు హబ్, డిస్క్, బయటి మానిటర్ అడాప్టర్ లాంటివి ఉంటే అన్నీ తీసి ఒక గంట నడిపి చూడండి. బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా అదే పరిధి, లాప్‌టాప్‌లలో తరచు అదే యాంటెనా. అందుకే మీటింగుల్లోనే ఎక్కువ తెగుతోందంటే ఒక పూట తీగ హెడ్‌సెట్‌తో మాట్లాడి చూడండి. వీటికి తేలికైన విరుగుడు లాప్‌టాప్‌ను వైఫై వాడే ఇంకో పరిధి అయిన 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడమే. రూటర్‌లో 2.4కూ 5కూ రెండు వేరు వేరు పేర్లు పెట్టుకుంటే ఏది దేనికి కలిసిందో మీ చేతిలో ఉంటుంది. కాకపోతే మన ఇటుక గోడలు, స్లాబులు దాటి 5 గిగాహెర్ట్జ్ ఎక్కువ దూరం పోదు. గదికీ రూటర్‌కీ మధ్య రెండు గోడలుంటే దాని మీద ఆశ పెట్టుకోకండి.

రెండోది బోయిన్‌పల్లిలో. సాయంత్రం పూట తెగి, ఒక నిమిషం పైగా వైఫై పేరే కనిపించకుండా పోయి, తర్వాత వస్తోంది. వాళ్ళ అబ్బాయి అప్‌గ్రేడ్ చేసిన వారమే రూటర్‌లోకి వెళ్ళి స్పీడు కోసం చానల్ విడ్త్ (వైఫై ఒకేసారి వాడుకునే రేడియో వెడల్పు) 160 మెగాహెర్ట్జ్ పెట్టాడు. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న చానళ్ళు రాడార్లతో పంచుకునేవి. రాడార్ తరంగం వినిపిస్తే రూటర్ ఆ చానల్ వెంటనే ఖాళీ చేయాలి. అలాంటి ఇంకో చానల్‌లోకి వెళ్ళాలన్నా కనీసం ఒక నిమిషం మౌనంగా విని మరీ మొదలుపెట్టాలి. విడ్త్ 160 చేస్తే 36 నుంచి 64 వరకు అంతా ఒకటే ముద్ద అవుతుంది కాబట్టి ఆ చానళ్ళు కూడా అందులో కలుస్తాయి. రూటర్ లాగ్‌లో రాడార్ డిటెక్టెడ్ అన్న మాట స్పష్టంగా ఉంది. విడ్త్ 80కి తగ్గించి చానల్ 36 పెట్టాను, తీరిపోయింది. పేరే కనిపించకుండా పోతే, లేదా ఫోన్లు కూడా తెగితే రూటర్ చానల్ చూడండి. 36 నుంచి 48 లోపు గానీ 149 గానీ ఎంచుకోండి. మీ ఫోన్లు బాగున్నాయన్నారు కాబట్టి మీది ఇది కాకపోవచ్చు, కానీ తెగిన క్షణంలో ఫోన్ వైఫై మీద ఉందా, మొబైల్ డేటా మీదికి దూకిందా అన్నది ఒకసారి చూసుకోండి. ఈ కాలపు ఫోన్లు వైఫై తెగితే చప్పుడు లేకుండా డేటాకు మారిపోతాయి, మనకు తెగినట్టే తెలియదు.

మూడోది రెండంతస్తుల ఇల్లు, పైన రిపీటర్ (రూటర్ సిగ్నల్ అందుకుని మళ్ళీ పంపే పెట్టె). కొత్త డ్రైవర్‌తో పాటు రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అన్న సెట్టింగు, అంటే లాప్‌టాప్ ఎంత తొందరగా ఇంకో సిగ్నల్‌కు దూకాలో చెప్పేది, మొదటికి వచ్చేసింది. లాప్‌టాప్ మెట్ల దగ్గరి గదిలో ఉంటుంది, కింది రూటర్, పై రిపీటర్ రెండూ దానికి ఇంచుమించు ఒకే బలంతో అందుతాయి. ఇది కాసేపు దానికి, కాసేపు దీనికి దూకుతోంది. దూకినప్పుడల్లా మీటింగ్‌లో గొంతు ఆగిపోతోంది. కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్ళి ఆ సెట్టింగును మధ్య నుంచి ఒక మెట్టు తగ్గించాను. రియల్‌టెక్ కార్డుల్లో దీన్నే రోమింగ్ సెన్సిటివిటీ అంటారు. ఇంట్లో ఒకటే రూటర్ ఉంటే దీని జోలికి వెళ్ళకండి, లాభమేమీ ఉండదు.

ఇంకా పాత యాంటీవైరస్, వీపీఎన్ మిగుళ్ళు. విండోస్ 10లో వేసి గడువు అయిపోయిన యాంటీవైరస్ ఉంటే దాన్ని పూర్తిగా తీసేయండి. ఇవి నెట్‌వర్క్ కార్డు మీద తమ ముక్క ఒకటి తగిలించి ఉంచుతాయి. అప్‌గ్రేడ్ తర్వాత ఆ పాత ముక్క సరిగ్గా నడవకపోతే వైఫై కలిసే ఉంటుంది గానీ పేజీలు తెరుచుకోవు. అయితే మీది ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే మాత్రం వీపీఎన్‌నూ యాంటీవైరస్‌నూ తాకవద్దు. పైన చెప్పిన రిపోర్ట్ ఫైలు వాళ్ళ ఐటీ టీమ్‌కు పంపి డ్రైవర్ వాళ్ళ చేతే మార్పించండి. అలాగే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడిగే కాలేజీ, ఆఫీసు వైఫైలకు విండోస్ 11లో కలవడమే కష్టమైతే అది లాగిన్ పద్ధతి తాలూకు గొడవ. మీ ఇంటి సమస్యకు దానికీ సంబంధం లేదు.

చేయకూడనివి

నెట్‌వర్క్ రీసెట్ అన్న బటన్ సెట్టింగ్స్‌లో చాలా దగ్గరగా దొరుకుతుంది, ఎవరిని అడిగినా ముందు అదే నొక్కమంటారు. నేను దాన్ని చివరికి ఉంచుతాను. అది దాచిన వైఫై పాస్‌వర్డులన్నీ చెరిపేస్తుంది, నెట్‌వర్క్ కార్డులన్నీ తీసి మళ్ళీ పెడుతుంది, వీపీఎన్ లాంటివి ఉంటే మళ్ళీ వేసుకోవాల్సి రావచ్చు. అంతా చేశాక కూడా పెట్టేది అదే చెడ్డ డ్రైవర్‌ను కావచ్చు. చేయాల్సి వస్తే ముందు పాస్‌వర్డులు రాసుకోండి.

డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు వేయకండి. వైఫై కోసం వేస్తే సౌండ్, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు కూడా మార్చేసి పోతాయి. ఏది చెడగొట్టిందో వెతకడం నాకే గంటల పని అవుతుంది.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చండి, ఒక పూర్తి పనిదినం చూడండి, రాసుకోండి, అప్పుడు రెండోది. మీకు అరగంటకోసారి తెగుతోంది కాబట్టి ఒక రోజు చాలు. రోజుకోసారి తెగేవాళ్ళైతే మూడు రోజులు ఆగాలి.

విండోస్ 10కి వెనక్కి పోదామా అని కూడా అడిగారు. అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల లోపు రికవరీ పేజీలో గో బ్యాక్ ఉంటుంది. మీకు నెల దాటింది, ఇక ఆ బటన్ పనిచేయదు. పనిచేసినా నేను వద్దనేవాణ్ణి. బ్యాంకు పనులు, ఆఫీసు పనులు ఉన్న మిషన్‌ను వైఫై డ్రైవర్ కోసం సపోర్ట్ ఆగిన విండోస్ మీదికి తీసుకుపోవడం సరైన బేరం కాదు.

అన్నీ చేశాక కూడా తెగుతూనే ఉంటే కార్డే అలిసిపోయి ఉండొచ్చు. తేల్చుకోవడం సులువు: ఎవరి దగ్గరైనా యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒక రోజుకు అడిగి తెచ్చి పెట్టి చూడండి. దాంతో రోజంతా తెగకపోతే లోపలి కార్డు మార్చుకోవచ్చు. చాలా లాప్‌టాప్‌లలో అది ఒక చిన్న స్క్రూతో ఉండే ముక్క. ఇంటెల్ ఏఎక్స్210 లాంటివి చాలా మోడళ్ళకు సరిపోతాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం వాటికి తగ్గ ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మిషన్లలోనే పనిచేస్తాయి కాబట్టి ధర తక్కువని చూసి కొనకండి. కొన్ని లాప్‌టాప్‌లలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి యూఎస్‌బీ అడాప్టరే శాశ్వతంగా పెట్టుకోవాలి. కార్డు మార్చేటప్పుడు యాంటెనా తీగల చివర్లు చాలా సున్నితం. అలవాటు లేకపోతే మీరు చేయవద్దు, మీ ఎదురుగానే చేసే మెకానిక్ దగ్గర చేయించుకోండి, పది నిమిషాల పని.

ఇవాళ రాత్రికి మీరు చేయాల్సింది పింగ్ కిటికీలు రెండు, ఆ రిపోర్ట్, డ్రైవర్ వెర్షన్ ఫొటో, అంతే. ఇంకేమీ మార్చకండి. కార్డు పేరు, డ్రైవర్ తేదీ, రిపోర్ట్‌లో ఎక్కువసార్లు కనిపించిన డిస్‌కనెక్ట్ కారణం ఇక్కడ రాయండి, లాప్‌టాప్ మోడల్ నంబరు కూడా. మీ మోడల్‌కు ఏ డ్రైవర్ వేయాలో చూసి రేపు సాయంత్రం షాపు మూసే లోపు చెబుతాను.